పాలకు ఉన్న తూకం టమాటాకు ఏదీ?

వినియోగదారుడు పాలకు పెట్టే ప్రతి రూపాయిలో దాదాపు డెబ్బై పైసలు రైతుకు చేరుతున్నాయి. టమాటాకు పెట్టే రూపాయిలో చేరుతున్నది ముప్ఫై మూడు పైసలు. రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో వెలువరించిన అధ్యయనాలు తేల్చిన లెక్క ఇది. ఉల్లి, బంగాళాదుంప రైతుల వాటా కూడా నలభై పైసలు దాటలేదు. తెల్లవారకముందే గేదె పాలు పితికి కేంద్రంలో పోసొచ్చే ఇల్లాలే, పొద్దెక్కాక తోటలో టమాటా కోస్తుంది. ఆమె కష్టానికి ఒకచోట కట్టే విలువలో సగం కూడా మరోచోట కట్టడం లేదు. ఈ తేడాకు పంట స్వభావాన్ని తప్పుపట్టి లాభం లేదు. తప్పంతా కొనుగోలు ఏర్పాటులో ఉంది. చిన్న రైతు ఆదాయం పెంచుతామని మాట ఇచ్చే ప్రభుత్వాలు ముందుగా సరిదిద్దాల్సింది దీన్నే. పాల విషయంలో దేశం యాభై ఏళ్ల కిందటే చేసి చూపించిన పని కూరగాయలకూ చేయాలి.

పాలకు ఈ విలువ ఊరికే రాలేదు. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు వ్యాపారుల గుత్తాధిపత్యంపై తిరగబడి సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. 1970లో మొదలైన శ్వేత విప్లవంతో వర్గీస్ కురియన్ ఆ నమూనాను దేశమంతటికీ తీసుకెళ్లారు. దాని బలం ఊళ్లోనే పాల కేంద్రం ఉండటంలో ఉంది. అర లీటరు తెచ్చినా, పది లీటర్లు తెచ్చినా కళ్లముందే కొలుస్తారు. వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం (ఎస్‌ఎన్‌ఎఫ్) చూసి ధర కడతారు. పుస్తకంలో రాస్తారు, చీటీ ఇస్తారు. పది, పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. రేపు పాలు పోస్తే ఎంత వస్తుందో రైతుకు ఈరోజే తెలుసు.

మన దగ్గరా ఇందుకు నిదర్శనాలు ఉన్నాయి. ముల్కనూరు మహిళలు 2002లో మొదలుపెట్టిన స్వకృషి డెయిరీ ప్రభుత్వ పెత్తనం లేకుండా నడుస్తూ, మిగులును సభ్యులకే బోనస్‌గా పంచుతోంది. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో లక్షకు పైగా మహిళలే వాటాదారులు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. ఒకప్పుడు వెలిగిన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఆ తర్వాత పాల ధర నిర్ణయం చాలావరకు ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లింది. సంస్థ బతికితే రైతు బతుకుతాడనీ, సంస్థ కూలితే అతని బేరమాడే శక్తీ దాంతోనే కూలుతుందనీ ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఇప్పుడు టమాటా సంగతి చూడండి. దేశంలోని అతిపెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. 2023 జులైలో అక్కడ మేలురకం కిలో ధర రెండు వందల రూపాయల అంచుకు వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండానే పది రూపాయల లోపుకు పడిపోయింది. కోత కూలి కూడా గిట్టక రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు. ధర ఉన్నప్పుడు కాయ లేదు, కాయ ఉన్నప్పుడు ధర లేదు. రాయలసీమలో ఇది ఏటా చూసే ముచ్చటే.

ధర పడిపోవడం ఒక్కటే రైతును ముంచడం లేదు. మండీలో సరుకు దించినప్పటి నుంచి కోతలు మొదలవుతాయి. కమీషన్ ఒకటి, హమాలీ ఒకటి, తరుగు ఒకటి. వంద బాక్సులకు ఇన్ని బాక్సులని అదనంగా లాక్కునే ఆనవాయితీ మరొకటి. బాక్సులో ఎన్ని కిలోలు పట్టాయన్నది చాలాచోట్ల కంటితో వేసే అంచనాయే. నారు, ఎరువు, మందులకు పెట్టుబడి ఇచ్చింది మండీ యజమానే అయితే సరుకు మరోచోటికి తీసుకెళ్లే స్వేచ్ఛ కూడా రైతుకు ఉండదు. అప్పు ఇచ్చిన చేయి, తూకం వేసే చేయి, ధర చెప్పే చేయి ఒక్కటే అయినచోట న్యాయమైన బేరం ఎలా సాధ్యం?

కూరగాయలు పాడైపోయే సరుకు కాబట్టి ఇంతకు మించి చేయలేమని అధికారులు చెప్పే మాట నిలవదు. పితికిన పాలు చల్లబరచకపోతే కొన్ని గంటల్లోనే విరిగిపోతాయి. దోరకాయగా కోసిన టమాటా నీడన కొన్ని రోజులు నిలుస్తుంది. గంటల్లో చెడే సరుకును వేల ఊళ్ల నుంచి పూటపూటా సేకరించగలిగిన దేశానికి, రోజుల తరబడి నిలిచే సరుకు సేకరించడం చేతకాదంటే నమ్మేదెవరు? పాలు మిగిలితే పొడిగా, వెన్నగా మార్చవచ్చు, కూరగాయలకు ఆ వీలు తక్కువన్న వాదనలో కొంత నిజం ఉంది. దానికి జవాబు పరిశ్రమతో ముందస్తు ఒప్పందమే. గుజ్జుకు పనికొచ్చే టమాటా రకాలు వేరు, కూరకు వాడే రకాలు వేరు. రకం, ధర నాటేముందే తేలాలి. ధర కూలిపోయాక మిగిలిపోయిన కాయను ఫ్యాక్టరీ కొంటుందని ఎదురుచూడటం భ్రమ.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. 1999లో మొదలైన రైతుబజార్లు దళారీ లేని అమ్మకానికి దారి చూపాయి. కానీ అవి పట్టణానికి చేరువలో ఉన్న రైతుకే అక్కరకొస్తాయి. 2016లో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ వచ్చింది. 2018-19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం అయిదు వందల కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. ఇవన్నీ నగరం వైపు నుంచో, మార్కెట్ యార్డు వైపు నుంచో మొదలైన పనులు. పాల వ్యవస్థ ఊరి నుంచి మొదలైంది. అర ఎకరంలో బెండ, వంగ వేసిన రైతు నాలుగు బస్తాల సరుకుతో యార్డుకు వెళితే ఆటో కిరాయికే సగం పోతుంది. అతని గడపకు దగ్గరగా తూకం రావాలి. కేరళ ప్రభుత్వం 2020 నవంబరులో పదహారు రకాల కూరగాయలు, దుంపలు, పండ్లకు సాగు ఖర్చుపై ఇరవై శాతం కలిపి కనీస ధర ప్రకటించింది. కూరగాయల సాగులో మనకంటే చిన్న రాష్ట్రం చూపిన ఆ చొరవ మనకు ఎందుకు లేదు?

ధర ఒక్కటే సరిపోదు, దిగుబడి కూడా పెరగాలి. ఇక్కడ పాడి రంగంలోనూ దిద్దుకోవాల్సింది చాలా ఉంది. ఏ ప్రభుత్వం వచ్చినా పశువుల పంపిణీ అంటే ఎక్కడలేని ఉత్సాహం. ఫొటోలు దిగుతారు, పలుపు చేతికిస్తారు. ఆ పశువు తినేది ఏమిటో, ఎప్పుడు కట్టించాలో చెప్పేవారు ఉండరు. పాల ఉత్పత్తి ఖర్చులో అరవై నుంచి డెబ్బై శాతం మేత, దాణాలదే. పెద్ద పశువుకు రోజుకు పాతిక, ముప్ఫై కిలోల పచ్చిగడ్డి కావాలి. అది లేక వరిగడ్డితో కడుపు నింపి, పాలు తగ్గితే దాణా బస్తా కొనే రైతుకు మిగిలేది పేడ మాత్రమే. నీటి వసతి ఉంటే పది, పదిహేను సెంట్ల నేపియర్ గడ్డి ఒక పశువుకు ఏడాది పొడవునా సరిపోతుంది. పశువును ఇచ్చే ముందు గడ్డి కణుపులు ఇవ్వాలన్న చిన్న సూత్రాన్ని పథకాలు పాటించడం లేదు.

అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. గేదెలో మూగ ఎద సర్వసాధారణం. అరవదు, అలజడి చూపదు. గమనించకపోతే ఆ అదను తప్పిపోతుంది. ఒక ఎద తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అన్నాళ్లూ మేత ఖర్చు దండగే. పద్నాలుగు నెలలకోసారి ఈనే గేదె ఏడేళ్లలో ఆరు ఈతలు ఈనుతుంది. పద్దెనిమిది నెలలకోసారి ఈనేది అయిదు కూడా పూర్తి చేయదు. పోయిన ఆ ఈత విలువ సబ్సిడీలతో పూడేది కాదు. ఉదయం ఎదకు వచ్చిన పశువుకు సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం వీర్యదానం చేయించాలని పాడి రైతులకు తెలుసు. ఆ సమయానికి ఊళ్లో వీర్యదానం చేసే గోపాలమిత్ర అందుబాటులో ఉంటాడా అన్నదే ప్రశ్న. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి తప్పకుండా పడుతోందా? పొదుగువాపును తొలిరోజే పట్టే పరీక్ష పాల కేంద్రంలో జరుగుతోందా? పశువైద్యుల ఖాళీలు భర్తీ చేయకుండా కొత్త పశువులు కొనిపెట్టడం రైతు నెత్తిన అప్పు పెట్టడమే.

పాడి, కూరగాయలు విడివిడి శాఖల ఫైళ్లలో ఉన్నా రైతు ఇంట్లో కలిసే ఉంటాయి. పశువు రోజుకు వేసే పది, పదిహేను కిలోల పేడ తోటకు బలం. మొక్కజొన్న చొప్ప, అలసంద తీగ పశువుకు మేత. పాల బిల్లు ఇంటి ఖర్చు చూస్తే, కూరగాయల డబ్బు అప్పులోకి పోకుండా నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ విభాగం ప్రోత్సహిస్తున్న ఏటీఎం (ఎనీ టైమ్ మనీ) నమూనా ఈ తర్కం మీదే నిలిచింది. ఇరవై సెంట్లలో పదిహేనుకు పైగా రకాలు కలిపి వేస్తే ఒకదాని ధర పడినా మరొకటి ఆదుకుంటుంది, వారం వారం చేతిలో డబ్బు ఆడుతుంది. ఊరంతా ఒకేసారి టమాటా నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి నష్టపోయే పద్ధతికి ఇదొక విరుగుడు. దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లేనని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. ఇంత చిన్న కమతానికి ఒకే పంటపై జూదం తగదు.

పాడి, కూరగాయల పనిలో సింహభాగం మహిళలది. పట్టా మాత్రం భర్త పేరునో, మామ పేరునో ఉంటుంది. కూరగాయల సాగులో కౌలు రైతులు ఎక్కువ. భూమి కాగితం లేనిదే బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వదు కాబట్టి వారు మండీ అప్పులోనే చిక్కుకుంటున్నారు. కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకూ వర్తింపజేస్తామని కేంద్రం 2018లోనే ప్రకటించింది. పాలు పోసిన పుస్తకాన్నే ఆదాయపు ఆధారంగా తీసుకుని రుణం ఇవ్వడానికి బ్యాంకులకు ఉన్న అభ్యంతరం ఏమిటి? కూరగాయలకూ అటువంటి పుస్తకం ఉంటే కౌలు రైతుకూ అదే సాక్ష్యమవుతుంది.

కొత్తగా భవనాలు కట్టాల్సిన పని కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. కూరగాయలు పండే మండలాల్లో వీటినే సేకరణ కేంద్రాలుగా మార్చాలి. నిర్వహణ అధికారుల చేతిలో కాకుండా రైతుల సంఘాల చేతిలో, అందులోనూ మహిళల చేతిలో ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటా, మూడు తరగతులుగా గ్రేడింగ్, తూకం రాసిన చీటీ, పది రోజుల్లో ఖాతాలో సొమ్ము: ఈ నాలుగూ తప్పనిసరి చేయాలి. మండీల్లో అదనపు బాక్సులు గుంజే వ్యాపారి లైసెన్సు రద్దు చేయాలి. ఏ మండలంలో ఏ కూరగాయ ఎన్ని ఎకరాల్లో నాటారో వారం వారం రైతుకు తెలియజేయాలి. రాష్ట్రంలో పండే ప్రధాన కూరగాయలకు సాగు ఖర్చును లెక్కగట్టి కనీస ధర ప్రకటించాలి. పశువుల పంపిణీకి పెట్టే డబ్బులో పెద్ద భాగాన్ని గడ్డి క్షేత్రాలకు, ఊరూరా గర్భధారణ సేవలకు, పశువైద్యుల నియామకాలకు మళ్లించాలి.

ఇందుకు ఖర్చవుతుంది, నిజమే. కాయను రోడ్డుపై పారబోసిన ప్రతిసారీ అందులోని నీరు, ఎరువు, విద్యుత్ సబ్సిడీ, కూలీల చెమట అన్నీ పారబోసినట్టే. ఆ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ అడగడం లేదు. రైతు ఆదాయం రెట్టింపు చేస్తామన్న హామీలు ఎన్నో విన్నాం. టమాటా రైతు వాటాను ముప్ఫై మూడు పైసల నుంచి కనీసం యాభైకి తీసుకెళ్తామని, అందుకు ఇంత గడువని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రకటించాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ సేకరణ కేంద్రాలకు కేటాయింపు లేకపోతే, చిన్న రైతు గురించి పాలకులు చెప్పే మాటలకు విలువ లేనట్టే.