వాటా కాగితం మీద.. నీళ్లు గొలుసు మీద!

తుంగభద్ర నీళ్లలో ఎవరి వాటా ఎంతో ఎప్పుడో తేలిపోయింది. ఆవిరి నష్టంతో కలిపి మొత్తం 230 టీఎంసీలు. కర్ణాటకకు 151.49, ఆంధ్రప్రదేశ్‌కు 72, ఆర్డీఎస్ కింద తెలంగాణకు 6.51. ఈ అంకెల మీద మూడు రాష్ట్రాల నేతలు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. కానీ హోస్పేట డ్యాంలో నీళ్లు నిలిచేది ట్రిబ్యునల్ తీర్పు మీద కాదు, గేట్ల మీద. ఆ సంగతి 2024 ఆగస్టు 10 రాత్రి అందరికీ తెలిసొచ్చింది. గొలుసు తెగి 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది.

అప్పటికి డ్యాం నిండుకుండలా ఉంది. ఆ ఒక్క ఖాళీ నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు, అంటే రోజుకు 3 టీఎంసీలు పోయాయి. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తక తప్పలేదు. ఎగువన మంచి వానలు పడి, డ్యాం నిండి, రైతు నాట్లు వేసుకున్న వేళ ఒక ఇనుప గొలుసు లెక్కలన్నీ తలకిందులు చేసింది.

పై 20 అడుగుల్లోనే అసలు బలం

డ్యాం పూర్తి మట్టం 1633 అడుగులు. 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. జలాశయం పళ్లెం లాంటిది, పైకి పోయేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. అందుకే గేట్లు ఆపే ఆ పై 20 అడుగుల్లోనే సగానికి మించిన నీరు ఉంటుంది. కొత్త గేటు పెట్టాలంటే 60 టీఎంసీల దాకా వదిలేయాల్సి వస్తుందని మొదట్లో చెప్పింది ఇందుకే.

1953లో నీళ్లు వదిలిన డ్యాం ఇది. సిమెంటు కాకుండా సున్నం, సుర్కీతో కట్టిన రాతి కట్ట ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఇనుము సంగతి వేరు. గేట్ల ఆయుష్షు 45 ఏళ్లని నిపుణుల లెక్క. ఇవి 70 ఏళ్లు పనిచేశాయి. పైగా గేటు చెడితే దాని ముందు దించే స్టాప్‌లాగ్‌కు ఆనాటి డిజైన్‌లో ఏర్పాటు లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీళ్లలోనే ఇనుప పలకలు ఒకదానిపై ఒకటి దించి వారం రోజుల్లో ఆ ఖాళీ పూడ్చారు. ఆ తర్వాత వానలు కలిసొచ్చి డ్యాం మళ్లీ నిండింది. ఆ ఏడాదికి గండం గడిచింది.

దెబ్బ రెండో కారుకే

105 టీఎంసీల డ్యాం నుంచి 200 టీఎంసీలకు పైగా ఎలా వాడతారన్న అనుమానం చాలామందికి ఉంది. తొలికారుకు వరద వస్తూనే ఉంటుంది, వచ్చింది వచ్చినట్టు కాలువలకు పోతుంది. రెండో కారుకు మాత్రం నిల్వే దిక్కు. కాబట్టి నిల్వ తగ్గితే ముందు తెగేది రెండో కారు పైరే.

నిపుణుల కమిటీ గేట్లన్నీ మార్చాలంది. 2025 వానాకాలంలో పాత గేట్లపై బరువు పెట్టలేక 80 టీఎంసీలకే నిల్వ ఆపారు. వరద ఉండి కూడా నీళ్లు కిందికి వదలాల్సి వచ్చింది. గేట్ల పని కోసం రెండో పంటకు నీళ్లివ్వలేమని ఆ నవంబరులో కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. డిసెంబరులో పని మొదలైంది.

ఇది ఎవరికి తగిలిందో గంగావతి, కారటగి, సింధనూరు క్యాంపుల్లో చెప్పనక్కర్లేదు. డెల్టా జిల్లాల్లో ఉన్న కాస్త పొలం అమ్ముకుని 1950ల నుంచి ఇక్కడికొచ్చి, మొరపనేల చదును చేసి మాగాణి చేసిన కుటుంబాలవి. వాళ్లు పండించిన వరి మీదే ఇక్కడి రైస్ మిల్లులు లేచాయి. ఒక కారు ఎగిరిపోతే పోయేది రైతు రాబడి ఒక్కటే కాదు. కౌలుదారు అప్పు, నాట్ల కూలీల పని, మిల్లు హమాలీ బత్తెం, ఎరువుల కొట్టు ఖాతా అన్నీ దాని వెంటే పోతాయి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఎడమ కాలువను అసలు వరి కోసం గీయలేదు. ఎక్కువ ఊళ్లకు కొద్దికొద్దిగా నీళ్లిచ్చి జొన్న, పత్తి లాంటి ఆరుతడి పైర్లు కాపాడాలన్నది ఆనాటి ఆలోచన. వరికి అనుమతి కొంత భాగానికే. పైభాగంలో వరి విస్తరించింది, చివరి భూములకు నీళ్లు అందట్లేదు. కాలువ మోయగలిగినదాని కంటే ఎక్కువ మోయమంటే ఎవరో ఒకరు ఎండాల్సిందే.

గేట్లు మారినా పూడిక పోదు

కట్టిన నాడు డ్యాం సామర్థ్యం 132 టీఎంసీలకు పైనే. ఇప్పుడు లెక్కలో ఉన్నది 105.78. దాదాపు 27 టీఎంసీల చోటు మట్టి ఆక్రమించింది. తవ్వేస్తే పోలేదా అనడం సులువు. ఆ మట్టి 76 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్ల టిప్పర్లతో రోజుకు వెయ్యి ట్రిప్పులు తోలినా రెండు వందల ఏళ్లు పడుతుంది. అంత మట్టి పోసే చోటేదీ? అందుకే కర్ణాటక నవలి దగ్గర సమతుల జలాశయం కడతామంటోంది. దానికి మూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. ఏళ్లు గడుస్తున్నా ఆ మాట కాగితం దాటలేదు.

కొత్త గేట్లు పోయిన భరోసాను తిరిగి తెస్తాయి. పోయిన 27 టీఎంసీలను తేలేవు. వాటా కోసం కొట్లాడే నాయకులను ఆయకట్టు రైతు ఇప్పుడు వేరే ప్రశ్నలు అడగాలి. గేట్లు, గొలుసుల తనిఖీ ఏటా వానలకు ముందే చేసి నివేదిక బయట పెడతారా? అత్యవసరానికి స్టాప్‌లాగ్‌లు డ్యాం దగ్గరే సిద్ధంగా ఉంచుతారా? నవలి మీద మూడు ప్రభుత్వాలు ఎప్పుడు కూర్చుంటాయి? రైతు వైపూ ఒక లెక్క ఉంది. నీళ్లు తక్కువున్న ఏడు రెండో కారుకు వరి బదులు ఆరుతడి పైరు వేస్తే చివరి భూములకూ రెండు తడులు అందుతాయి.

తీర్పులు, ఒప్పందాలు నీళ్లను పంచగలవు గానీ నిలపలేవు. నిలిపేది ఇనుము. దానికి వయసైపోతోందని లెక్కలు ముందే చెప్పాయి. గేటు పోయాక గానీ ఎవరూ వినలేదు. ఆ ఆలస్యానికి ఖరీదు ఒక కారు పంట. అది కట్టింది మాత్రం రైతు.