స్నేహితుడి ఆప్షన్... మన సీటు!

డిగ్రీ అయిపోగానే 'పీజీ చేసేస్తే పోలా' అనుకుంటారు చాలామంది. సీపీగెట్ వెబ్ ఆప్షన్లలో స్నేహితుడు ఏ కోర్సు పెడితే తామూ అదే పెట్టేస్తారు. అసలు కథ సీటొచ్చాకే! పగలు క్యాంటీన్లో చాయ్, రాత్రి హాస్టల్ గదిలో సెల్‌ఫోన్, పరీక్షల ముందురోజు జిరాక్స్ షాపు దగ్గర క్యూ. అంతలోనే సెమిస్టర్ అయిపోతుంది. ఉన్నవి నాలుగే.

యూజీసీ నెట్ రాసి అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ తదితరులకైతే 50. మొదటి సెమిస్టర్‌లో పోగొట్టుకున్న మార్కుల్ని చివర్లో పూడ్చుకోవడం తేలిక కాదు.

అందుకే ఆప్షన్ పెట్టేముందు నాలుగు సెమిస్టర్ల సిలబస్ ఓసారి తిరగేయండి. దానికే విసుగొస్తే... ఆ కోర్సు రెండేళ్లు ఎలా చదువుతారు?