రిటైర్మెంటు తేదీ ముందే తెలుసు కదా!

హాస్టల్లో వార్డెనుగారు రిటైరైతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. శాలువా కప్పుతాం, గ్రూపు ఫోటో దిగుతాం. మరునాటి నుంచి పక్క ఊరి వార్డెనుగారే మనకూ ఇన్‌చార్జి. పగలు అక్కడ, సాయంత్రం ఇక్కడ. ఒక్కోరోజు రెండుచోట్లా ఉండరు, బిల్లుల కోసం ట్రెజరీలో నిలబడి ఉంటారు. ఆయన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

ఉద్యోగి చేరినప్పుడే పుట్టినతేదీ సర్వీసు రిజిస్టరులో రాస్తారు. ఏ నెలాఖరున దిగిపోతారో ఆనాడే లెక్క కట్టవచ్చు. మరి పోస్టు ఖాళీ అయ్యాక ఫైలు కదపడం ఎందుకు? బ్రహ్మోత్సవాలకు ఏర్పాట్లు నెలల ముందే మొదలుపెట్టే ఊరు మన తిరుపతి!

పదవీ విరమణ వయసును 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 62కి పెంచారు. పెంచినప్పుడల్లా రెండేళ్లపాటు రిటైర్మెంట్లు దాదాపు ఆగాయి. కొత్తవారిని ఎంపిక చేసి, పాతవారి పక్కన పని నేర్పడానికి అంతకన్నా మంచి గడువు ఏముంటుంది? (కోచింగ్ సెంటర్లలో కూర్చున్న మన అన్నలకూ అక్కలకూ మాత్రం అది రెండేళ్ల ఎదురుచూపు.)

నియామకం నెలలో అయ్యే పని కాదు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. పరీక్షలకే 14 నెలలు! వార్డెన్ల నియామకమూ ఇలాగే సాగితే, ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు ఎనిమిదికి వస్తేగానీ సొంత వార్డెనును చూడడు.

ఈలోగా పోయేది ఏమిటి? ఎవరి అమ్మానాన్న బెంగళూరుకు కూలికి పోయారో, ఎవరికి రాత్రిపూట మూర్ఛ వస్తుందో, సెలవుల్లో ఇంటికి పంపితే ఏ అమ్మాయికి పెళ్లి చేసేస్తారో, ఇవన్నీ ఏ రిజిస్టరులోనూ ఉండవు. వార్డెనుగారి మనసులో ఉంటాయి. ఆయనతోపాటే వెళ్లిపోతాయి.

వంటమనిషి, కమాటి, వాచ్‌మన్‌ల సంగతి వేరు. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవారు జీతం ఆలస్యమైతే వేరే పని వెతుక్కుంటారు, తప్పేముంది? 2020లో ఆప్కాస్ వచ్చి కాంట్రాక్టర్లను తప్పించినా, ఉద్యోగ భద్రత రాలేదు.

మేము అడిగేది చిన్నదే. 2022 ఏప్రిల్లో విడిపోయిన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో, రాబోయే మూడేళ్లలో దిగిపోయే వార్డెన్ల జాబితాను ప్రతి జనవరిలో నోటీసు బోర్డులో పెట్టాలి. కొత్తవారు నెలరోజులు ముందే చేరాలి. ఒకే పోస్టులో ఇద్దరికి జీతం ఎలా అంటారేమో, ఆ ఒక్క నెలకు అదనపు పోస్టు మంజూరు చేయించండి.