పీకేయాల్సింది బౌలర్‌నా, ఓవర్‌నా?

ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఐపీఎల్ జట్టు లేదు. ఆ లోటు ఆదోనిలో కనిపించినంతగా బెజవాడలోనో విశాఖలోనో కనిపించదు. కోస్తా వాళ్లకు సన్‌రైజర్స్ ఉంటే చాలు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం పిల్లలు పనుల కోసం రైలెక్కేది ఎక్కువగా బెంగళూరుకే. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పక్క వీధిలో ఉర్దూ వినిపించే ఊరిది. అందుకే ఒకే ఇంట్లో అన్న ఆరెంజ్ జెర్సీ వేసుకుంటే తమ్ముడు ఎర్ర జెర్సీ వేసుకుంటాడు. పత్తి సీజన్ అయిపోయి మార్కెట్ యార్డు ఖాళీ అయ్యాక, ఏప్రిల్, మే ఎండల్లో భీమాస్ సర్కిల్‌లోనైనా, ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్‌లోనైనా సాయంత్రాలు ఈ తగవులతోనే గడుస్తాయి.

తగవు ఏటా ఒక్కటే. లీగ్ దశ చివరికొస్తుంది, నాలుగో స్థానం కోసం మూడు జట్లు కొట్టుకుంటాయి. సరిగ్గా అప్పుడే మన జట్టు ప్రధాన పేసర్ చేతులెత్తేస్తాడు. "ఇంగ వానితో కాదప్పా, పీకేయాల" అంటాడొకడు. "పెద్ద మ్యాచ్‌లో వాడే నిలబడతాడు, ఉంచాల" అంటాడు ఇంకొకడు. ఇద్దరి వాదనలోనూ కొంత నిజముంది, కానీ ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న అడగడం లేదన్నది నా అభిప్రాయం. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి 2022 మే నెల, మహమ్మద్ సిరాజ్ కథ చాలు.

ఆ ఏడాది బెంగళూరు జట్టు సిరాజ్‌ను 7 కోట్లకు అట్టిపెట్టుకుంది. 15 మ్యాచ్‌ల్లో అతనికి దక్కినవి 9 వికెట్లు. ఓవర్‌కు పది పరుగుల పైనే ఇచ్చాడు. 31 సిక్సర్లు సమర్పించుకున్నాడు. ఒక సీజన్‌లో అన్ని సిక్సర్లు ఇచ్చిన బౌలర్ అప్పటికి ఇంకొకడు లేడు. మే 13న పంజాబ్‌తో మ్యాచ్‌లో రెండే ఓవర్లు వేసి 36 పరుగులిచ్చాడు. మే 19న గుజరాత్‌తో తప్పక గెలవాల్సిన ఆఖరి లీగ్ మ్యాచ్‌కు యాజమాన్యం అతన్ని పక్కన పెట్టి సిద్ధార్థ్ కౌల్‌ను దించింది. బెంగళూరు గెలిచింది. కౌల్‌కు మాత్రం వికెట్ దక్కలేదు. గెలిచినా లెక్క తేలలేదు. మే 21న ఢిల్లీ మీద ముంబై గెలిస్తేనే బెంగళూరుకు ప్లేఆఫ్ బెర్త్. ఎప్పుడు ముంబై పేరెత్తినా మండిపడే ఎర్ర జెర్సీ అభిమానులంతా ఆ ఒక్క రాత్రి ముంబై గెలవాలని మొక్కుకున్నారు. ముంబై గెలిచింది కూడా.

ఎలిమినేటర్‌కు సిరాజ్ మళ్లీ జట్టులోకి వచ్చాడు. లక్నో మీద బెంగళూరు 14 పరుగులతో గట్టెక్కినా అతని నాలుగు ఓవర్లలో 41 పరుగులొచ్చాయి, ఒక్క వికెట్ పడింది. రెండో క్వాలిఫయర్‌లో రాజస్థాన్ అతని రెండు ఓవర్లలో 31 పరుగులు రాబట్టింది. బట్లర్ సెంచరీతో అంతా ముగిసింది.

ఇందులో తప్పేమిటి? తీసేయడం కాదు. తీసేసినప్పుడూ, మళ్లీ తీసుకున్నప్పుడూ కారణం కనపడకపోవడం. ఆరు రోజుల్లో అతని బౌలింగ్‌లో బయటికి కనిపించే మార్పేదీ లేదు. నమ్మకముంటే తప్పించనక్కర్లేదు, లేకపోతే నాకౌట్‌లో కొత్త బంతి అతని చేతికి ఇవ్వకూడదు. అటూ ఇటూ కాని ఆ నిర్ణయం బౌలర్‌కు మేలు చేయలేదు, జట్టుకూ చేయలేదు.

అదే పంజాబ్ మ్యాచ్‌లో జోష్ హేజిల్‌వుడ్ నాలుగు ఓవర్లలో 64 పరుగులిచ్చాడన్నది ఎందరికి గుర్తుంది? ఆయన్ను పీకేయాలని ఎవరూ అనలేదు. ఆ సీజన్‌లో 12 మ్యాచ్‌ల్లో 20 వికెట్లు తీసినవాడికి ఆ ఒక్క రోజు మాఫీ అయింది. అంటే మనం ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పం. ముందే ఒక తీర్పు రాసిపెట్టుకుని, దానికి సాక్ష్యంగా ఆ మ్యాచ్‌ను వాడుకుంటాం. నాలుగు ఓవర్లంటే 24 బంతులు. 14 లీగ్ మ్యాచ్‌లూ ఆడి, ప్రతి మ్యాచ్‌లోనూ పూర్తి కోటా వేసినా 336 బంతులు. అందులో ఓ పది బంతులు అటూ ఇటూ పడితే ఎకానమీ అంకె మారిపోతుంది.

ఎకానమీ అంకె ఇంకో విధంగానూ మోసం చేస్తుంది. 2024లో సిరాజ్ ఎకానమీ 9 దాటింది. చూడ్డానికి చెత్త అంకె. కానీ అది సన్‌రైజర్స్ 277, 287, 266 కొట్టిన ఏడాది. ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనతో ఎనిమిదో నంబరు దాకా బ్యాటర్లే ఉంటున్న రోజులు. ఆ 287 వచ్చిన ఏప్రిల్ 15 మ్యాచ్‌లో బెంగళూరు తుది జట్టులో సిరాజ్ లేడు. అతను లేనంత మాత్రాన పరుగులు ఆగలేదు, ఐపీఎల్ చరిత్రలోనే అతి పెద్ద స్కోరు నమోదైంది. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఏడు ఓడిన ఆ జట్టు తర్వాత వరుసగా ఆరు గెలిచి ప్లేఆఫ్‌కు చేరింది. ఆ ఆరింటిలో ఒకటి మే 4న గుజరాత్‌తో జరిగింది. పవర్‌ప్లేలోనే సాహాను, శుభ్‌మన్ గిల్‌ను ఔట్ చేసిన సిరాజ్‌కే ఆ రోజు ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ దక్కింది.

పవర్‌ప్లే అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. అసలు సంగతి అక్కడే ఉంది. తెల్ల బంతి నిగనిగలాడేది మొదటి రెండు మూడు ఓవర్లే. అప్పుడు సిరాజ్ సీమ్ నిలబెట్టి గుడ్ లెంగ్త్‌లో వేస్తే బంతి పిచ్ తాకి ఎటు పోతుందో బ్యాటర్‌కు అంతుబట్టదు. 2020 అక్టోబర్ 21న అబుదాబిలో కోల్‌కతాపై వేసిన స్పెల్ చూడండి. నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో ఒకే ఓవర్‌లో నాలుగు వికెట్లు తీశాడు. 21 పరుగులకు ఆరు వికెట్లు పడగొట్టాడు, శ్రీలంక 50కే కూలింది. ఇవన్నీ కొత్త బంతి పనులు. 17వ ఓవర్ వచ్చేసరికి కథ వేరు. బంతి మెత్తబడుతుంది, మంచుకు తడుస్తుంది, సీమ్ పట్టు దొరకదు. ఫీల్డర్లు ఐదుగురు బౌండరీ దగ్గరున్నా యార్కర్ జానెడు తప్పితే అది బ్యాటర్ బ్యాట్‌కు అందే చోటే వచ్చి పడుతుంది. అక్కడ కావాల్సింది వేరే విద్య.

కనుక అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని పరుగులిచ్చాడు" కాదు, "ఏ ఓవర్లలో ఇచ్చాడు" అన్నది. కొత్త బంతితో బాగా వేసి ఆఖరి ఓవర్లలో తన్నులు తినేవాడి చేతి నుంచి ఆఖరి ఓవర్లు లాక్కోవాలి. మొత్తం మనిషిని లాక్కోనక్కర్లేదు. కొత్త బంతితోనే దెబ్బతింటుంటే మాత్రం అభిమానుల మాటే నిజం, బెంచీ మీద కూర్చోబెట్టాల్సిందే. 2022 సిరాజ్‌ది చాలావరకు ఈ రెండో రకం. అందుకే అతన్ని తప్పించడాన్ని నేను తప్పు పట్టను, తిరిగి తెచ్చి మొదటి ఓవర్ చేతిలో పెట్టడాన్నే తప్పు పడతాను.

క్రికెట్ కెప్టెన్‌కున్న ఈ వెసులుబాటు అందరికీ ఉండదు. అమెరికా బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ను ఒకసారి బయటికి పంపితే ఆ మ్యాచ్‌లో మళ్లీ రాలేడు. అందుకే లీగ్ టైటిల్ వేటలో పిచర్ తడబడితే అక్కడి అభిమానుల గొడవ మన గొడవ కన్నా తీవ్రంగా ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 12.6 కోట్ల డాలర్లకు ఏడేళ్ల ఒప్పందంతో తెచ్చుకున్న బ్యారీ జీటో ఆ డబ్బుకు తగ్గట్టు ఆడలేకపోయాడు. 2010 పోస్ట్ సీజన్ జట్టులో అతనికి చోటే ఇవ్వలేదు. అతను లేకుండానే జెయింట్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. తీసేయడం సరైనదేనని అందరూ ఒప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2012లో, ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో సెయింట్ లూయిస్‌పై అదే జీటో ఏడున్నర ఇన్నింగ్స్‌కు పైగా ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆపైన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ కూడా గెలిపించాడు. 2010లో తీసేసిందీ, 2012లో బంతి ఇచ్చిందీ ఒకే మేనేజర్, బ్రూస్ బోచీ. రెండుసార్లూ ఆయన లెక్క సరిపోయింది. ఎప్పటి ఫామ్‌ను అప్పుడు చూసి నిర్ణయించుకున్నాడు, పాత కోపం గానీ పాత అభిమానం గానీ అడ్డు రానివ్వలేదు.

కారణం వెతకడం ఎందుకు ముఖ్యమో మన సన్‌రైజర్స్ ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2025లో 10 కోట్లు పెట్టి తెచ్చుకున్న మహమ్మద్ షమీ ఏప్రిల్ 12న పంజాబ్‌పై నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. అభిషేక్ శర్మ 141 కొట్టబట్టి ఆ మ్యాచ్ దక్కింది. సీజన్ మొత్తంలో 9 మ్యాచ్‌లకు 6 వికెట్లు. రెండేళ్ల ముందు, 2023లో, 28 వికెట్లతో పర్పుల్ క్యాప్ పెట్టుకున్న మనిషే ఇతను. మధ్యలో జరిగింది చీలమండ శస్త్రచికిత్స. దాదాపు ఏడాది ఆటకు దూరమై వచ్చిన పేసర్‌కు పరుగు లయ కుదరడానికి సమయం పడుతుంది. అక్కడ ఓవర్ మార్చినంత మాత్రాన ఫలితం రాదు, విశ్రాంతి ఇవ్వాలి. సిరాజ్‌కు పనిచేసే మందు షమీకి పనిచేయదు. టీ కొట్టు దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకే చీటీ రాస్తాం.

ఇంకో చీటీ కూడా రాస్తాం, దాని గురించి చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్ 5న బెంగళూరులో కోల్‌కతాపై సిరాజ్ రెండు బీమర్లు వేశాడు, ఓవర్ మధ్యలోనే అంపైర్ ఆపేశాడు. ఆండ్రీ రస్సెల్ 13 బంతుల్లో 48 కొట్టి, బెంగళూరు చేసిన 205 కూడా చాలకుండా చేశాడు. ఆ తర్వాత తనకొచ్చిన సందేశాల్లో, క్రికెట్ మానేసి నాన్నతో కలిసి ఆటో తోలుకో అన్నవి ఉన్నాయని సిరాజ్ స్వయంగా చెప్పుకున్నాడు. 2021 అక్టోబర్‌లో పాకిస్థాన్‌తో ఓటమి తర్వాత షమీని మతం పేరుతో తిట్టారు. మరుసటి ఏడాది క్యాచ్ వదిలేసిన అర్ష్‌దీప్‌నూ అలాగే తిట్టారు. లెంగ్త్ గురించి ఎంత కఠినంగానైనా మాట్లాడొచ్చు, అది అభిమాని హక్కు, టికెట్ కొన్నవాడి హక్కు. తండ్రి తోలిన ఆటో ఏ లెంగ్త్‌లో పడింది? అన్ని మతాల వాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని మ్యాచ్ చూసే ఆదోనిలో, ఆటో తోలి పిల్లల్ని చదివించే వాళ్లున్న ఈ ఊళ్లో, ఆ మాట నోట రాకూడదు. వస్తే పక్కనున్నవాడు ఊరుకోకూడదు.

2025 ఛాంపియన్స్ ట్రోఫీకి సిరాజ్‌ను తీసుకోనప్పుడు రోహిత్ శర్మ చెప్పిన కారణం నాకు నచ్చింది. కొత్త బంతి ఇవ్వకపోతే అతని ప్రభావం తగ్గుతోందన్నాడు. అది మనిషి మీద తీర్పు కాదు, పని మీద తీర్పు. భారత్ ఆ ట్రోఫీ గెలిచింది కూడా. తనకు అది మింగుడుపడలేదని సిరాజ్ తర్వాత ఒప్పుకున్నాడు. జవాబు బంతితోనే ఇచ్చాడు. ఆ ఏడాది కొత్త జట్టు గుజరాత్ తరఫున ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌పై 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో ఇంకా 35 పరుగులు చేస్తే ఇంగ్లండ్‌దే టెస్టు. 80 ఓవర్లు దాటినా భారత్ కొత్త బంతి తీసుకోలేదు. ఆ పాత బంతితోనే సిరాజ్ చివరి నాలుగు వికెట్లలో మూడు తీశాడు, భారత్ ఆరు పరుగులతో గెలిచింది. కొత్త బంతి బౌలరన్న రోహిత్ మాట వన్డేల వరకు నిజమే, ఎర్ర బంతికి అది వర్తించదని ఆ ఉదయం తేలింది. నా వాదనకూ అంత మేరకు హద్దు ఉంది, ఒప్పుకుంటాను.

ఇక ఎర్ర జెర్సీ తమ్ముళ్లకు ఒక మాట. బెంగళూరు సిరాజ్‌ను వదులుకున్నందుకు మీరు తిట్టిపోశారు. అతని స్థానంలో వేలంలో 10.75 కోట్లకు వచ్చింది భువనేశ్వర్ కుమార్. పదకొండేళ్లు మన సన్‌రైజర్స్‌కు ఆడి, 2024లో 16 మ్యాచ్‌ల్లో 11 వికెట్లే తీసి, అయిపోయాడనిపించుకున్నవాడు. 2025లో అతను 17 వికెట్లు, మీరంతా మన్నించిన హేజిల్‌వుడ్ 22 వికెట్లు తీశారు. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్‌ను ఆరు పరుగులతో ఓడించి, పద్దెనిమిదో సీజన్‌లో బెంగళూరు మొదటి కప్పు ఎత్తింది. సన్‌రైజర్స్ ఆరో స్థానంలో మిగిలింది.