కొండ దిగండి, చెరువు కట్ట మీద నడవండి

శనివారం తెల్లవారుజామున 3 గంటలకే నంది కొండ కింద కార్లు బారులు తీరతాయి. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లు, నిద్ర మానుకుని వచ్చిన జనం. 1,478 మీటర్ల ఎత్తుకెక్కి, మబ్బుల్లోంచి సూర్యుడు తల ఎత్తగానే ఫోన్లు ఎత్తుతారు. ఎనిమిదింటికల్లా దిగి, హైవే పక్కన ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, చిక్కబళ్లాపురం చూసొచ్చామంటారు. చూడలేదు. వాళ్లు ఏమీ చూడలేదు. ఆ కార్లలో ఏళ్ల తరబడి నేనూ వెళ్లాను కాబట్టే ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను.

పోయిన చలికాలం నేనూ మా మిత్రుడూ వీపున చెరో సంచీ వేసుకుని, నాలుగు రోజులు ఎర్ర బస్సుల్లోనూ కాలినడకనూ ఆ సీమలో తిరిగాం. అతను బాగేపల్లి పక్క పల్లెలో పుట్టినవాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగం బెంగళూరులో. మొదటి రోజే ఒక షరతు పెట్టాడు: "ఏ చెరువు దగ్గరైనా సరే, కట్ట ఈ కొస నుంచి ఆ కొసదాకా నడవందే ఫోటో తీయగూడదు." ఆ ఒక్క షరతు నా కళ్లు తెరిపించింది.

ఆ నేల సంగతి ముందు తెలియాలి. పెన్న, చిత్రావతి, పాపాగ్ని నంది కొండల చుట్టుపక్కల పుట్టి మన రాయలసీమలోకే దిగుతాయి. చిత్రావతి బాగేపల్లిని ఆనుకుని, పుట్టపర్తి మీదుగా సాగి, గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. ఇన్ని నదులు పుట్టిన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. కురిసిన నాలుగు చినుకుల్నీ ఆపి దాచుకోవడానికి పూర్వీకులు మెరకన ఒక చెరువు, దాని మరవ (అలుగు) కింద ఇంకో చెరువు, దాని కింద మరొకటి, గొలుసుకట్టుగా తవ్వుకున్నారు. తూము ఎత్తడానికి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడ్డానికి నీరుగంటి ఉండేవాడు. పంట ఇంటికొస్తే అతని వంతు గింజలు అతనికి కొలిచేవారు. మనం ప్రకృతి అందం అని మురిసిపోయే ఆ నీటి అద్దంలో ఉన్నది మనుషుల రెక్కల కష్టం. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు జలాశయాల పథకం వేసిచ్చిన విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి ఆ కొండ పాదాల దగ్గరే ఉంది. కొండెక్కే కార్లలో ఎన్ని ఆ ఊరివైపు తిరుగుతున్నాయి?

గుడిబండ కోట ఎక్కితే కింద భైరసాగరం చెరువు భారతదేశ పటంలా కనిపిస్తుంది. అందరూ దాని కోసమే ఎక్కుతారు. బైరేగౌడ కట్టించిన ఆ కోటలో వాన నీళ్లు పట్టే రాతి దొనలు 19 ఉన్నాయంటారు. ఏడు చుట్ల కోటకు తాగునీళ్లు ఎలా అందాయో చెప్పే దొనలవి. వాటి ముందు ఆగినవాడు మాకొక్కడూ కనబడలేదు. మేం దిగి కట్ట మీద నడిచాం. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు, "యాడనుంచి వస్తాండారప్పా?" అని పలకరించారు. పైనుంచి పటంలా కనిపిస్తుందని చెప్పాను. "అట్లంటారు. నేనెప్పుడూ ఎక్కి సూడలే. మరవ పారతాదా, మడికి నీళ్లొస్తాయా, అదే సూస్తాం మేము" అన్నారు. నాలుగు రోజుల్లో నాకు గుర్తుండిపోయిన మాట అది. కొండమీంచి చూసేవాడికి చెరువు బొమ్మ. కట్ట కింద బతికేవాడికి అది తిండి గింజ.

ఇప్పుడు ఆ చెరువుల్లోకి వస్తున్న నీళ్ల సంగతి. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, పైపుల్లో ఎక్కించి ఈ సీమ చెరువులు నింపుతున్నారు. కోరమంగల, చల్లఘట్ట లోయ పథకం కోలారు జిల్లాకు, చింతామణి తాలూకాకు. హెబ్బాళ, నాగవార లోయ పథకం చిక్కబళ్లాపురం వైపుకు. మొదటిది రోజుకు 400 మిలియన్ లీటర్లకు పైగా, రెండోది 210 మిలియన్ లీటర్లు అందించాలన్నది లెక్క. ఎండిపోయిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. రైతులు ఆ మాట ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము తప్ప రాని చోట, వచ్చినా ఫ్లోరైడు నీళ్లే వచ్చే చోట, ఏ నీళ్లొచ్చినా మొక్కేటంత దాహం ఉంది. ఆ దాహాన్ని ఆసరా చేసుకుని సగం శుద్ధితో సరిపెట్టడమే నా కడుపు మండే సంగతి. ఈ పథకాలను నిలబెట్టింది రెండో దశ శుద్ధి మీద. చెత్త అడుక్కి దిగుతుంది, సూక్ష్మజీవులు కుళ్లును తినేస్తాయి, అంతవరకే. నత్రజని, భాస్వరం తీసేసి, మిగిలిన సూక్ష్మజీవుల్ని చంపే మూడో దశ కావాలని ఈ సీమ జనం ఏళ్లుగా రోడ్డెక్కి అడుగుతున్నారు. 2018 జూలైలో కోలారు వైపు చెరువులో నురగ పొంగినప్పుడు హైకోర్టు ఆ నీళ్లను ఆపింది కూడా. తర్వాత మళ్లీ వదిలారు.

చింతామణి దారిలో ఒక చెరువు మీద గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకుంది. ఊదారంగు పూలు. ఒక జంట పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకుంటోంది. నిజంగానే అందంగా ఉంది. నత్రజని, భాస్వరం మెక్కి ఎదిగిన అందం. గాలి తిరిగితే ఆ అందం ముక్కుకు తెలుస్తుంది. పక్క టమాటా తోటలో పని చేస్తున్న అక్క చెప్పింది: "కాళ్లకు దురదలు. ఆ నీళ్లలోకి దిగేది మానేసినాము." ఆ ఫోటోల్లో ఆమె ఉండదు.

కొండమీంచి చూసే చూపు పర్యాటకుడిది మాత్రమే కాదు, ప్రభుత్వానిది కూడా. 2025 జూలై 2న కర్ణాటక మంత్రివర్గం ఆ నంది కొండ మీదే కూర్చుని, బాగేపల్లి పేరు మార్చి భాగ్యనగరం అని పెట్టాలని తీర్మానించింది. పల్లి అన్న మాట తెలుగు వాసన కొడుతోందన్నది కొందరి బాధ. పల్లి, హళ్లి ఒకే తల్లి బిడ్డలు. తెలుగులో నిలిచిన పకారం కన్నడంలో హకారమైంది, అంతే. మా మిత్రుడి అమ్మగారు మాకు ముద్ద, బస్సారు వడ్డిస్తూ, "పేరు మారిస్తే కుళాయిలో నీళ్లొస్తాయా నాయనా?" అని అడిగారు. ఆ ప్రశ్న కొండమీద వినబడదు.

చివరి రోజు కైవారం వెళ్లాం. కైవారం తాతయ్య, నారాయణప్ప, యోగి కాకముందు గాజుల మలారం వీపున వేసుకుని ఊరూరా తిరిగాడని ఆ సీమంతా చెప్పుకుంటుంది. ఆయన తెలుగులో రాశాడు, కన్నడంలో రాశాడు, ఎవరూ ఆయన్ని నువ్వెవరివాడివని అడగలేదు. గుమ్మం గుమ్మం దగ్గర మలారం దింపి, చేతులు పట్టుకుని గాజులు తొడిగి, కష్టసుఖాలు వింటేనే ఆ రెండు భాషలూ అంత లోతుగా వంటబడతాయి. సంచీ వీపున వేసుకుని తిరగడమంటే నా లెక్కలో అదే.

కాబట్టి ఈ శనివారం బయల్దేరేవాళ్లకు చెబుతున్నాను. కారు ఇంట్లో పెట్టి బస్సెక్కండి. చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. తూము ఎక్కడుందో, నీరుగంటి ఇంటివాళ్లు ఎవరో, ఈ నీళ్లు ఎక్కడివో అడగండి. బెంగళూరులో ఉండేవాళ్లయితే మరీ అడగండి, ఆ నీళ్లు పొద్దున మీ స్నానాల గదిలోంచి పోయినవే. మూడో దశ శుద్ధి చేయకుండా ఒక్క చుక్క వదలొద్దని మీ ఎమ్మెల్యేను నిలదీయండి. అనంతపురం, కడప పాఠకులారా, మీరూ అడగండి. ఆ సీమలో ఎన్నో చెరువులు నిండి మరవ పారితే నీళ్లు దిగేది మన చిత్రావతిలోకి, మన పెన్నలోకి.