జబ్బు సర్వీసులో వచ్చింది, పింఛను రాలేదు

మిలిటరీలో చేరేనాడు వైద్య పరీక్షలో ఏ లోపమూ లేదని తీసుకున్న మనిషి సర్వీసు నడుమ జబ్బు పడితే ఆ బాధ్యత ఎవరిది? తూటా తగిలిన సిపాయికి పేచీ తక్కువ. గాయం కంటికి కనబడుతుంది. చిక్కంతా కారణం తేలని జబ్బులతోనే. సర్వీసు వల్ల వచ్చినది కాదు, సర్వీసులో ముదిరినదీ కాదు అని మెడికల్ బోర్డు ఒక్క ముక్క రాస్తే చాలు, అంగవైకల్య పింఛను ఆగిపోతుంది.

ధర్మవీర్ సింగ్ అనే సిపాయి ఉదంతమే ఇందుకు తార్కాణం. 1985లో సైన్యంలో చేరిన ఆయనకు మూర్ఛ వ్యాధి వచ్చింది. 1994లో 20 శాతం వైకల్యమని ఇంటికి పంపారు, పింఛను మాత్రం నిరాకరించారు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేనాటి కాగితాల్లో జబ్బు ప్రస్తావన లేకపోతే అది సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలని, కాదని రుజువు చేసే భారం ప్రభుత్వానిదేనని, బోర్డు కారణాలు రాయాలని తీర్పు సారాంశం. సందేహం ఉంటే సిపాయికే మేలు చేయాలని 1982 నిబంధనల్లోనే ఉంది. ఉన్న నిబంధన అమలుకు 19 ఏళ్లు పట్టడం విచారకరం.

అమెరికాలోనూ ఇదే కథ. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అనేకులను నిస్సత్తువ, ఒళ్లు నొప్పులు, మతిమరుపు పట్టుకున్నాయి. రోగానికి పేరు దొరకకున్నా పరిహారం ఇవ్వాలని 1994లో చట్టం చేశారు. అయినా 2010-15 మధ్య ఇటువంటి క్లెయిముల్లో ఆమోదం పొందినవి సుమారు 17 శాతమేనని అక్కడి ఆడిట్ సంస్థ 2017లో తేల్చింది. పరీక్షించే వైద్యుల్లో అత్యధికులు ఈ జబ్బుపై శిక్షణ పూర్తి చేయలేదని కూడా చెప్పింది. చట్టం ఒక ఎత్తు, దాన్ని అమలుచేసేవారి అవగాహన ఒక ఎత్తు.

మన పల్లెల్లోని మాజీ సైనికులు డిశ్చార్జి పుస్తకం, మెడికల్ బోర్డు నివేదిక నకలు భద్రపరచుకోవాలి. తిరస్కరణ ఉత్తరం వస్తే ట్రంకు పెట్టెలో దాచి ఊరుకోరాదు. గడువు దాటకముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి అప్పీలు చేసుకోవాలి. అక్కడా న్యాయం జరగకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2023 సెప్టెంబరు 21 నుంచి సర్వీసు విడిచిన వారికి కొత్త నిబంధనలు వర్తిస్తాయి కనుక ఏ నిబంధన కిందికి వస్తారో ముందే విచారించుకోవాలి.

అధికారులు కూడా తిరస్కరించేటప్పుడు కారణం ఏమిటో సిపాయికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. కోర్టు మెట్లెక్కే స్తోమత అందరికీ ఉండదు.