మూర పూలకు జాగా లేని నగరమా?

మా నల్లమాడలో మా వీధి చివరింటి వదిన పోయిన ఉగాదికి బెంగళూరు నుంచి వచ్చింది. పండక్కి వచ్చిందనుకున్నాం. పండగయి పదిహేను రోజులైనా కదల్లేదు. "ఏం వదినా, ఈసారి ఇన్ని దినాలుండావే?" అంటే, "ఇంగ యాడికి పోయేదమ్మా? నేను కూకునే జాగాలో రోడ్డు బాగుచేసినారు" అంది.

రోడ్డు బాగుపడితే మనిషి ఊరికి తిరిగి రావడమేమిటి? ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా సీమ సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాది మొత్తం కురిసేది అటూ ఇటూగా 550 మిల్లీమీటర్లు. అది కూడా విత్తనం వేసేటప్పుడు రాదు, చెనక్కాయ పెరికేటప్పుడు వస్తుంది. పంట పోయిన ఏడాది బెంగళూరు బస్సుల్లో నిలబడే చోటుండదు. వదిన కూడా అలా పోయిన మనిషే. మొదట కట్టడాల దగ్గర ఇసుక, సిమెంటు మోసింది. మోకాళ్లు పట్టేశాక నగరం మధ్యలో ఒక బజారు వీధిలో కాలిబాట మీద పూలబుట్ట పెట్టుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కనకాంబరాలు, మల్లెలు కొనుక్కొచ్చి, కట్టి, మూర లెక్కన అమ్మేది. అలా పదకొండేళ్లు. ఆ బుట్ట మీదే కొడుకును ఐటీఐ చదివించింది, కూతురికి పెళ్లి చేసింది.

ఒకనాడు ఆ కాలిబాట తవ్వేశారు. నెలల తరబడి పక్క సందులో కూర్చుని ఓపిక పట్టింది. చివరికి నున్నటి రాళ్లు పరిచారు, కొత్త దీపాలు పెట్టారు. "ఇంగ బురదలో కూకునే బాధ తప్పింది అనుకుంటి" అంది. బుట్ట దించిన రోజే లేపేశారట. ఇది నడిచేదానికి, అమ్మేదానికి కాదన్నారట. "ఆ రాళ్లు పరిచినోళ్లు మన పక్కోళ్లేనమ్మా. నాకాడే కూకోని టీ తాగినారు" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పెద్ద నగరాల నడిబొడ్డును బాగుచేయాలన్న మాట ఇప్పుడు అన్నిచోట్లా వినిపిస్తోంది. పాతబజార్లు ఇరుకైపోయాయి, నడవడానికి చోటు లేదు, తీగలు వేలాడుతున్నాయి, అగ్గి పుడితే ఫైరింజను లోపలికి రాలేదు. ఇవన్నీ నిజమే. చంకలో బిడ్డ, చేతిలో సంచితో బజారుకు పోయేది మనమే కదా! కాలిబాట లేక బస్సుకూ ఆటోకూ మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిచేదీ మనమే. కాబట్టి డబ్బు పెట్టి బాగుచేస్తామంటే వద్దనను. ఎవరి కోసం బాగుచేస్తున్నారనేదే నా ప్రశ్న.

హైదరాబాదునే తీసుకోండి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు. చార్మినార్ దారిలో పత్తర్‌గట్టి బజారు ఆ మండలి కట్టించిందే. రోడ్డు వెడల్పు చేసి, రెండు వైపులా రాతి దుకాణాలు కట్టి, వాటి ముందు కమానుల వసారా వదిలారు. ఎండలోనైనా వానలోనైనా మనిషి నీడన నడిచి పోవచ్చు. నడిచేవాళ్లూ ఉండాలి, అమ్మేవాళ్లూ ఉండాలి అన్న ఆలోచన ఆ కట్టడంలోనే ఉంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ పాడుబడితే మరమ్మతు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పాత ఐస్‌క్రీం దుకాణాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పాతవాళ్లను ఉంచి కూడా బాగుచేయవచ్చని దాన్ని చూస్తే తెలుస్తుంది.

చార్మినార్ దగ్గర కథ వేరు. చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచే పథకం ఏళ్ల తరబడి సాగింది. అందులో తెగని చిక్కు ఒకటే: తోపుడుబండ్ల వాళ్లను ఎక్కడ పెట్టాలి? లాడ్‌బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఆ సందడికి దుకాణాలు ఎంత కారణమో, బండ్ల మీద గాజులు, పిన్నులు అమ్మేవాళ్లూ అంతే కారణం. వాళ్లు లేని చార్మినార్ వీధి ఫొటోకు బాగుంటుందేమో గాని, అది బజారు అనిపించుకోదు.

పై దేశాల్లోనూ ఇదే గొడవ. కొరియా రాజధాని సియోల్‌లో నడిబొడ్డున ఉన్న ఎత్తు రోడ్డును పడగొట్టి, దాని కింద మూసుకుపోయిన వాగును 2005లో మళ్లీ పారించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. అక్కడి వీధి వ్యాపారులను మాత్రం ఒక పాత స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ పడగొట్టారు. రెండుసార్లు మూటలు కట్టుకోవలసి వచ్చింది వాళ్లకు.

ఇంకో మాట. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే నగరాల మీద పుస్తకం రాసి, వీధిని కాపాడేది అక్కడ ఎప్పుడూ ఉండే మనుషుల చూపే అని వాదించింది. ఆవిడ నగర నిర్మాణంలో డిగ్రీ చదివిన మనిషి కాదు, కళ్లు తెరుచుకుని వీధిని చూసిన మనిషి. మనకు మాత్రం ఇది తెలియదా? రాత్రి ఎనిమిదింటికి ఒంటరిగా బస్సు దిగితే, పెద్ద పెద్ద అద్దాల మేడల ముందు నడవడానికి భయమేస్తుంది. పూలమ్మే అక్కో, మొక్కజొన్న కంకులు కాల్చే అవ్వో కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. వాళ్లను ఖాళీ చేయించి, ఆ తర్వాత ఆడవాళ్ల భద్రత కోసమని స్తంభానికి కెమెరా బిగించడం ఏం తెలివి?

చట్టం లేక కాదు ఇదంతా. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. లెక్కలు తీసి, అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. చోటు మార్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ కమిటీలో కనీసం నూటికి నలభై మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. పూలు, పండ్ల వంటి పాడయ్యే సరుకు పట్టుకుపోతే, రుసుము కట్టి అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. వదినకు ఇందులో ఒక్కటీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఆమె కోసం వెతికేదాకా నాకూ తెలియదు.

కోట్లు పెట్టేటప్పుడు ముందుగా చేయవలసిన పనులు నాకు తోచినవి చెబుతాను. తవ్వకముందే అక్కడ ఎవరెవరు కూర్చుంటున్నారో లెక్క రాయాలి. వెడల్పు చేసిన కాలిబాటలో ఒక అంచు గీత గీసి వాళ్లకు వదలాలి. రాళ్ల కన్నా ముందు ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగడానికి నీళ్లు పెట్టాలి. వదిన పదకొండేళ్లూ మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేది కాదట, ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక బజారు బాగుపడ్డాక అద్దెలు పెరుగుతాయి. చిన్నవాళ్లకు, కూలి ఆడవాళ్లకు తలదాచుకునే గదులు ఆ దగ్గరలోనే ఉండేట్టు చూడాలి.

మన వంతు కూడా కొంత ఉంది. పెద్ద దుకాణంలో చీటీ మీద ఎంతుంటే అంత మాట్లాడకుండా కట్టి, బయటికొచ్చి మూర పూలకు ఐదు రూపాయల బేరం ఆడతాం. ఆ బుట్ట కనిపించకుండా పోతే "అబ్బ, రోడ్డు ఎంత బాగుందో" అంటాం. ఎక్కడికి పోయిందని ఒక్కరమైనా అడిగామా?

ఇది బెంగళూరు, హైదరాబాదుల గొడవే అనుకోవద్దు. 2022లో మా పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. రోడ్లు వెడల్పవుతాయి, కావాలి కూడా. ఈ గీత ఇక్కడైనా ముందే గీద్దాం.

వదిన ఇప్పుడు మా ఊరి బస్సుల దగ్గర కూర్చుంటోంది. రోజుకు ఇరవై మూరలు అమ్మితే గొప్ప. నిన్న నేను కొంటుంటే కొలిచి, ఇంకో జానెడు కలిపి ఇచ్చింది. "ఎందుకు వదినా?" అంటే, "ఈడ జాగాకు కరువు లేదు కదమ్మా" అంది.

కరువుసీమలో దొరికిన ఆ జాగా, కోట్లు కుమ్మరించిన నగరంలో ఎందుకు దొరకలేదో మీరే చెప్పండి.